పేలాలు కోసం ఒక మూల: కుందేలు ఆపరేషన్‌కి ముందు, తర్వాత

జనవరి 18, ఆదివారం

డేట్ ఫిక్స్ అయింది. 31 శనివారం పొద్దున 9 గంటలకి పేలాలుకి స్పే ఆపరేషన్, అంటే గర్భసంచి, అండాశయాలు రెండూ తీసేస్తారు. దానికిప్పుడు 14 నెలలు, బరువు 1,870 గ్రాములు. ఈ ఆర్నెల్లలో రెండుసార్లు కడుపుతో ఉన్నట్టు భ్రమపడి, గడ్డి నోట్లో కరుచుకుని ఇల్లంతా తిరిగి, ఛాతీ మీద బొచ్చంతా పీక్కుని గూడు కట్టింది. ఇంట్లో మగ కుందేలే లేదు. రెండోసారైతే ఆ గూటి దగ్గర మూడు రోజులు కాపలా కూర్చుంది, చూడలేకపోయాను. పైగా స్పే చేయించని ఆడ కుందేళ్ళకి వయసు పైబడేకొద్దీ గర్భసంచిలో క్యాన్సర్ వచ్చే అవకాశం చాలా ఎక్కువని డాక్టరమ్మ చెప్పారు, ఎండలు ముదరకముందే చేయించేద్దామని సంక్రాంతి అయిన వెంటనే డేట్ తీసుకున్నా.

తెల్లగా ఉంటుంది, సంతోషం వస్తే మూకుట్లో జొన్న పేలాలు చిట్లినట్టు ఉన్నచోటే గాల్లోకి ఎగిరి నడుం తిప్పి దిగుతుంది, అందుకే పేలాలు అని పెట్టాం. ఇప్పుడు ఆ ఎగరడమే ఆపాలి. పొట్ట మీద కోత మానేదాకా పది పన్నెండు రోజులు దూకకూడదు, ఎక్కకూడదు, జారకూడదు. కానీ అది ఉండేది రెండంతస్తుల బోనులో, మధ్యలో ఏటవాలు చెక్క, ఆ బోను తలుపేమో రోజంతా తెరిచే ఉంటుంది, మిగతా టైమంతా హాల్లో సోఫా మీదకి ఎక్కడం దిగడం. నిజాంపేటలో మా ఫ్లాట్ మొత్తం నున్నటి టైల్సే. కుందేలు పాదాల కింద కుక్కకీ పిల్లికీ ఉన్నట్టు మెత్తలుండవు, ఉత్త బొచ్చే, కార్పెట్ దాటి టైల్స్ మీదకి వస్తే నాలుగు కాళ్ళూ నాలుగు వైపులా పోతాయి. కుట్లున్నప్పుడు అలా ఒక్కసారి జారినా చాలు.

అందుకని బోను పక్కన పెట్టేసి చిన్న బెడ్‌రూమ్‌లో ఒక మూల మొత్తం కొత్తగా, అంతా నేల మీదే ఉండేలా కట్టాలని డిసైడ్ అయ్యా. ఇంకోటి, ఇది ఆపరేషన్ రోజు కొత్తగా చూడకూడదు, అంతకుముందే దాని వాసన పట్టిపోయి ఉండాలి, మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి తెలియని చోటైతే భయానికే తిండి మానేస్తుంది. కాబట్టి నా అసలు గడువు 31 కాదు, 24.

జనవరి 20

షెల్ఫులు కట్టుకునే ఇనుప జాలీ ప్యానెల్స్ 12 చొప్పున రెండు ప్యాకెట్లు తెప్పించా, ఒక్కోటి 35 సెంటీమీటర్లు. ఒక్కో వైపు మూడు, పైన ఇంకో వరస, అంటే 105 బై 105 సెంటీమీటర్ల చదరం, ఎత్తు 70. ఇంకా పెద్దది చేద్దామంటే డాక్టరమ్మ వద్దన్నారు, పరుగు అందుకునేంత చోటు ఇవ్వొద్దు, కాళ్ళు చాపుకుని పడుకుని, నాలుగడుగులు వేసి, గడ్డి ఒక చోట, లిట్టర్ (ఉచ్చ, పెంటికలు వేసే టబ్బు) ఒక చోట పెట్టుకునేంత ఉంటే చాలు అన్నారు. అలాగని కుందేల్ని మోసుకెళ్ళే చిన్న క్యారియర్ పెట్టెలో పది రోజులు కుదించి పెట్టడం కూడా తప్పే, కాస్త కదలకపోతే పేగు కదలదు.

ప్యానెల్స్ అన్నీ జిప్ టైలతో కట్టా, 72 పట్టాయి. మొదటి వరస అంతా టై ముడులు లోపలికి పెట్టి కట్టేశా, తర్వాత చెయ్యి లోపలికి పెట్టి తడిమితే కత్తిరించిన కొనలు బ్లేడులా ఉన్నాయి, దాని కళ్ళ ఎత్తులో. అన్నీ తెంపి మళ్ళీ ముడులు బయటికి వచ్చేలా కట్టా. ఎవరైనా కడుతుంటే ముందే చూసుకోండి.

అమ్మ తెనాలి నుంచి వచ్చింది. కాసేపు గుమ్మంలో నిలబడి చూసి "ఏమే, పురిటి గది సర్దినట్టు సర్దుతున్నావే" అంది. అంటూనే కూర్చుని టైలు అందించడం మొదలుపెట్టింది.

జనవరి 21, 22

ఈ రెండు రోజులూ నేల పనికే సరిపోయాయి.

అమ్మ వరిగడ్డి పరుద్దామంది, పల్లెలో అలాగే చేస్తారు కదా. వద్దన్నా, దుమ్ము, పైగా గట్టి కొనలు కోత మీద గుచ్చుకుంటాయి. చెక్కపొట్టు కూడా అంతే, కుట్లకి అంటుకుంటుంది. నేను వేసింది కింద నుంచి చెప్తా: టైల్స్ మీద పాత యోగా మ్యాట్ జారకుండా, దాని మీద పసిపిల్లల కింద వేసే రబ్బరు షీటు, దాని మీద అమ్మమ్మ చీరలతో కుట్టిన బొంత మెత్తగా ఉండటానికి, అన్నిటికన్నా పైన తెల్ల ఫ్లీస్ దుప్పటి. బొంత పైన వేస్తే హాయిగా ఉంటుంది కానీ పేలాలు దారాలు పీకి మింగుతుంది, అవి పేగులో చుట్టుకుంటే ఇంకో ఆపరేషన్, అందుకే అది కిందే ఉండాలి, అంచులన్నీ ప్యానెల్స్ కిందకి దోపేశా. తెల్ల రంగు కావాలనే తీసుకున్నా, ఒక్క చుక్క రక్తం పడినా కనిపించాలి.

ఫ్లీస్ గురించి నాకు తెలియనిది ఒకటి బయటపడింది. తడిని కిందకి వదిలేసి పైన పొడిగా ఉంటుందని కొన్నా, టెస్ట్ చేద్దామని అర గ్లాసు నీళ్ళు పోస్తే తామరాకు మీద బొట్టులా పైనే నిలబడిపోయాయి, రాత్రి ఉచ్చ పోస్తే పొట్ట కింద మడుగే. కొత్త ఫ్లీస్‌ని కనీసం రెండు మూడుసార్లు ఉతకాలట, అదీ కంఫర్ట్ లాంటివి ఏవీ వేయకుండా. వేడినీళ్ళలో రెండుసార్లు ఉతికి ఆరేసి మళ్ళీ పోశా, ఈసారి లెక్కపెట్టేలోపు కిందకి దిగిపోయాయి, అరచెయ్యి పెట్టి చూస్తే పైన చల్లదనం తప్ప తడి లేదు. అప్పుడు మనసు కుదుటపడింది.

లిట్టర్ బాక్సుకి బట్టలు నానబెట్టే టబ్బు వాడతాం, గోడ 6 అంగుళాలు. మామూలప్పుడు ఒక్క గెంతులో లోపల ఉంటుంది. ఇప్పుడు పొట్ట ఆ అంచుకి రాసుకుంటుంది. హాక్సా బ్లేడుతో ముందు వైపు నేల నుంచి 2 అంగుళాలు వదిలి మిగతాది కోసేశా, అరగంట పట్టింది. అంచు గరుకు మీద టేప్ వేద్దామంటే టేప్ కొరుకుతుంది. ఎమెరీ పేపర్‌తో రుద్దుతూ, మధ్యమధ్యలో దూది ముక్క అంచు మీద లాగుతూ వచ్చా, ఎక్కడ దూది పోగు పట్టుకుంటే అక్కడ ఇంకా గరుకున్నట్టు. మూడు చోట్ల పట్టుకుంది, చివరికి దూది ఆ మూల నుంచి ఈ మూలకి తెగకుండా వెళ్ళింది. లోపల చెక్క పెల్లెట్స్ తీసేసి చింపిన పేపర్, మీద గడ్డి.

జనవరి 24

పేలాలు గృహప్రవేశం. దాని పాత తువ్వాలు, సగం తిన్న గడ్డి, ఒక గుప్పెడు పెంటికలు కూడా తెచ్చి టబ్బులో వేశా, తన చోటే అని తెలియాలిగా. పది నిమిషాలు అన్నీ వాసన చూసి ప్రతి మూలా గడ్డంతో రుద్దింది, కుందేళ్ళు ఇది నాది అని గుర్తు పెట్టేది అలాగే.

తర్వాత చేసిన పని చూసి గుండె ఆగింది. దాక్కోవడానికి ఒక అట్టపెట్టె పెట్టా, రెండు వైపులా గుమ్మాలు కోసి మరీ. లోపలికి వెళ్ళకుండా ఎగిరి పెట్టె పైకెక్కి కూర్చుంది. అక్కడి నుంచి ప్యానెల్ పై అంచు ఇంకో అడుగే. అంటే నేనే చేతులారా మెట్టు కట్టి ఇచ్చా. పెట్టె తీసేశా. కానీ దాక్కునే చోటు లేకపోతే అది నిద్రపోదు. ఒక మూల ప్యానెల్స్ పైనుంచి నా పాత కాటన్ చున్నీ అడ్డంగా వేసి బట్టల క్లిప్పులు పెట్టా, కింద మసకగా గుహలా అయింది, ఎక్కి కూర్చోడానికి ఏమీ లేదు, నాకు చూడాలంటే చున్నీ కాస్త పైకెత్తితే చాలు. సాయంత్రానికి ఆ మూలలో కాళ్ళు వెనక్కి చాపి పడుకుంది.

నీళ్ళ బాటిల్ తీసేసి బరువైన పింగాణీ గిన్నె పెట్టా, మెడ పైకెత్తి తాగక్కర్లేదు. గడ్డి కూడా గోడకి వేలాడే బుట్టలోంచి తీసి లిట్టర్ పక్కన నేల మీదే కుప్పగా. తింటూ పెంటికలు వేయడం దాని అలవాటు, రెండూ ఒకే చోట ఉంటే అలవాటు తప్పదు, నాకూ లెక్క దొరుకుతుంది.

జనవరి 26

సెలవు. ఫినాయిల్ ఇవాళ్టి నుంచి ఆ గదిలో బంద్, నీళ్ళలో కాస్త వెనిగర్ కలిపి తుడుస్తున్నాం. అగరొత్తులు, దోమల లిక్విడ్ కూడా బయటికి. అమ్మ సాంబ్రాణి హాల్లోనే ఆపేస్తానంది.

గదిలో థర్మామీటర్ పెట్టా. తెల్లారుజామున 19 డిగ్రీలు, మధ్యాహ్నం 27. మామూలుగా కుందేలుకి చల్లదనమే ఇష్టం, వేడే పడదు, కానీ మత్తు దిగిన మొదటి రాత్రి ఒంటి వేడి నిలవదు. కరెంటు హీటింగ్ ప్యాడ్ పెట్టలేను, వైరు కొరుకుతుంది. పాత కాటన్ సాక్సులో బియ్యం పోసి ముడేసి మైక్రోవేవ్‌లో ఒక నిమిషం పెట్టి చూశా, మణికట్టు లోపలి వైపు ఆనిస్తే గోరువెచ్చగా ఉంది, దాదాపు అరగంట నిలిచింది. నాలుగు సాక్సులు చేసి పెట్టా. ఒక సగంలోనే పెడతా, రెండో సగం మామూలుగా ఉంచుతా, ఏది కావాలో అది తేల్చుకుంటుంది.

జనవరి 29

ఒక విషయం చెప్పాలి, ఇప్పటికీ కోపంగానే ఉంది. టైమ్ కన్ఫర్మ్ చేయడానికి క్లినిక్‌కి ఫోన్ చేస్తే రిసెప్షన్లో ఎత్తినాయన "ముందు రోజు రాత్రి నుంచి ఏమీ పెట్టకండి మేడమ్, నీళ్ళు కూడా" అన్నారు. కుక్కలకీ పిల్లులకీ చెప్పే మాట. కుందేలు వాంతి చేసుకోలేదు, దాని ఒంట్లో ఆ ఏర్పాటే లేదు, కాబట్టి మత్తులో కక్కుకుంటుందన్న భయం లేదు. పస్తు పెడితేనే ప్రమాదం, దాని పేగు ఎప్పుడూ ఏదో ఒకటి నెడుతూనే ఉండాలి, ఆగిందంటే గ్యాస్ పట్టి, నొప్పికి తినక, తినక ఇంకా ఆగి, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదకి వస్తుంది. డాక్టరమ్మతోనే మాట్లాడాలని పట్టుబట్టా. ఆవిడ, మీరు ఇంట్లోంచి బయల్దేరేదాకా తిననివ్వండి, దాని గడ్డీ కొత్తిమీరా డబ్బాలో పెట్టి తీసుకురండి, లేవగానే ముందు పెడతాం అన్నారు. నేను తెలుసుకుని ఉన్నా కాబట్టి సరిపోయింది, తెలియనివాళ్ళు ఆ ఫోన్ మాట నమ్మేస్తారు కదా.

గది బయట అరలో సామాను: కిచెన్ వేయింగ్ మెషీన్, 1 ఎంఎల్, 5 ఎంఎల్ సిరంజిలు, ఆకుతినే జంతువులకి సిరంజితో పెట్టే రికవరీ పౌడర్, డిజిటల్ థర్మామీటర్, నోట్‌బుక్. మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాశా, నోటి ద్వారా అమాక్సిసిలిన్ వద్దు అని. మనుషులకి మామూలు మందే, కుందేలు పేగులోని మంచి బ్యాక్టీరియాని చంపేస్తుంది. నేను లేనప్పుడు ఎవరైనా కంగారులో వేసేస్తారేమోనని.

జనవరి 31, శనివారం

8 గంటలదాకా తింది. సాయంత్రం 5:30కి ఇంటికి తెచ్చాం, తమ్ముడు ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కారు ఆపినంత పని చేశాడు. ఆపరేషన్ బాగా జరిగింది, కుట్లు లోపలివి, దారం పైకి కనిపించదు, కోత రెండు అంగుళాల లోపే. నొప్పికి ఇంజెక్షన్ చేశారు, రేపట్నుంచి మెలాక్సికామ్ చుక్కలు.

క్యారియర్‌ని పెన్ను (నేను కట్టిన జాలీ ఆవరణ) లోపలే పెట్టి తలుపు తీసి వదిలేశా, ఎత్తి దించలేదు. ఏడు నిమిషాలకి తనే నడిచి వచ్చింది, నేరుగా చున్నీ కిందకి. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. వెచ్చటి సాక్సు ఒకటి తువ్వాలు కింద దాని పక్కన పెట్టా, ముందు జరిగిపోయింది, మళ్ళీ వచ్చి ఆనుకుంది. 8 గంటలకి చెవులు మామూలు.

కానీ తినట్లేదు. గడ్డి ముక్కు దగ్గర పెడితే మొహం తిప్పుకుంటోంది. వీపు గుండ్రంగా ముడుచుకుని, కళ్ళు సగం మూసి, పళ్ళు కొరుకుతోంది, హాయిగా ఉన్నప్పుడు చేసే మెల్లని టిక్‌టిక్ కాదు, పక్క గదికి వినిపించేంత గట్టిగా. అది నొప్పి. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే రేపటి మెలాక్సికామ్ డోసు టైమ్ ముందుకి జరిపి చెప్పారు, రాత్రి తినకపోతే పౌడర్ కలిపి పెట్టమన్నారు. 10 గంటలకి 5 ఎంఎల్, పళ్ళ పక్కన ఖాళీలోంచి, ఎదురుగా కాదు, కొంచెం కొంచెం, నమిలాక ఇంకొంచెం. ఎదురుగా తోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నేను పెన్ను పక్కనే చాప వేసుకుని పడుకున్నా. 12:15కి అమ్మ లేచి వచ్చి కింద పూలమ్మే ఆవిడ దగ్గర సాయంత్రం తెచ్చిన గరిక నాలుగు పోచలు తడిపి చున్నీ కింద పెట్టింది. కాసేపటికి చప్పుడు. నమిలే చప్పుడు. మేమిద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఒక పోచ చివరంటా లోపలికి వెళ్ళింది, ఇంకోటి. అమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఫిబ్రవరి 1

తెల్లవారి 3:40కి టార్చి వేసి చూస్తే టబ్బులో పెంటికలు, ఏడు. చిన్నవి, వంకరవి, ఆవగింజలకన్నా కాస్త పెద్దవి, మామూలుగా శనగగింజంత ఉంటాయి. అయినా పేగు కదిలినట్టే. తెల్ల పేపర్ మీద ఏరి లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాశా. పొద్దున 9కి పద్నాలుగు, రాత్రికి అరవై దాకా. సిరంజి మూడుసార్లు పెట్టా, నాలుగోసారి కొత్తిమీర కట్ట సగం తనే లాగేసింది, ఇంక బలవంతం మానేశా.

రెండంగుళాల గుమ్మం దాటుతున్నప్పుడు కింద పడుకుని చూశా. ముందు కాళ్ళు పెట్టి, ఆగి, వెనక కాళ్ళు ఒక్కొక్కటే దించింది, పొట్ట అంచుకి తగల్లేదు.

ఫిబ్రవరి 3

బరువు 1,810. అరవై గ్రాములు తగ్గింది, పర్లేదన్నారు. కోత నాకుతోందని తమ్ముడి పాత టీషర్ట్ చెయ్యి కత్తిరించి, నాలుగు కాళ్ళకి రంధ్రాలు చేసి చొక్కాలా తొడిగాం. రెండు గంటలు బొమ్మలా కదలకుండా కూర్చుంది, గడ్డి ముట్టలేదు. తీసేశా. ఫొటో పంపితే డాక్టరమ్మ, ఎరుపూ వాపూ లేవు, శుభ్రం చేసుకుంటోందంతే, తిండి మానేంత ఇబ్బంది పెట్టొద్దన్నారు. ప్లాస్టిక్ కాలర్ అసలే వద్దనుకున్నా, తెల్లారుజామున కుందేలు తన మెత్తటి పెంటికలు నేరుగా నోటితో అందుకుని తినాలి, విటమిన్లు దాంట్లోనే ఉంటాయి, కాలర్ ఉంటే అందదు.

ఫిబ్రవరి 5

బాగైపోయింది అని దానికి అనిపించినట్టుంది, నాకదే భయం. మధ్యాహ్నం ముందు కాళ్ళు ప్యానెల్ మీద పెట్టి పైకి చూస్తూ, వెనక కాళ్ళు కూడగట్టుకుంటోంది. ఆ పోజు నాకు తెలుసు, సోఫా ఎక్కేముందు అదే. పరిగెత్తి వీపు మీద చెయ్యి వేసి ఆపా. 70 సెంటీమీటర్లు సరిపోతుందనుకోవడం నా పొరపాటు, పైకప్పు మొదటి రోజే వేసి ఉండాల్సింది. అటక మీద నుంచి పాత దోమతెర దించి నాలుగు వైపులా బిగుతుగా లాగి క్లిప్పులు పెట్టా, గాలి ఆడుతుంది, లోపల కనిపిస్తుంది, దాని నోటికి అందదు. మీరు చేస్తే ఇది ముందే చేయండి.

ఫిబ్రవరి 12, గురువారం

చెకప్. కోత సన్నటి గీత అయింది, బొచ్చు నూగులా వస్తోంది. బరువు 1,860. మామూలుగా తిరగనివ్వొచ్చన్నారు, హార్మోన్లు పూర్తిగా తగ్గడానికి ఇంకొన్ని వారాలు పడుతుందట. సోఫా మాత్రం ఇంకో వారం ఆగమన్నారు, అందుకని పెన్ను విప్పాక ఆ ప్యానెల్సే సోఫా ముందు అడ్డం పెట్టాం.

సాయంత్రం పెన్ను విప్పా. పేలాలుని అమ్మ దగ్గర పెట్టి, తలుపు వేసుకుని మరీ జిప్ టైలు కత్తిరించా, ఆ ముక్క ఒక్కటి మింగినా ఇంత చేసిందీ వృథా. 72 కత్తిరించా, లెక్కపెడితే 71 ఉన్నాయి. మంచం కింద, మ్యాట్ కింద, నా జడలో కూడా వెతికాం, చివరికి తమ్ముడు ఫ్లీస్ దులిపితే రాలింది. ఫ్లీస్, బొంత ఉతికి ఆరేశాం. కోసిన టబ్బు మాత్రం దానికే ఉంచేస్తున్నా, ఇప్పుడు ఎగరకుండా నడిచే లోపలికి వెళ్తోంది.

గది తలుపు తీశాక కార్పెట్ దాకా వచ్చి ఆగి, ముక్కు ఆడించి, వెనక్కి వెళ్ళి చున్నీ ఉన్న మూల వెతికింది. ఇంకా అక్కడే పడుకుంటుందేమోనని చున్నీని రెండు కుర్చీల మధ్య కట్టా.

ఇప్పుడు దాని కిందే ఉంది, గరిక నములుతోంది.